సూడాన్ విద్యార్థికి వీసా గడువు దగ్గర పడింది, ఇంటికి వెళ్ళే దారి లేదు. శ్రీకాకుళంలో ఉండి చట్టపరంగా ఏం చేయాలి?

వంశధార (ప్రశ్న)

నమస్కారం అండి. టెక్కలి వైపు ఇంజినీరింగ్ చదువుతున్న ఒక సూడాన్ అబ్బాయి తరఫున అడుగుతున్నాను. 2022లో స్టూడెంట్ వీసా మీద వచ్చాడు, ఇప్పుడు ఫైనల్ ఇయర్. వీసా జూలై నెలాఖరుతో అయిపోతుంది. పాస్‌పోర్టు గడువు కూడా ఏడాది లోపే. ఊరు పశ్చిమ డార్ఫర్‌లోని ఎల్ జెనీనా, తెగ మసాలిత్. ఇంట్లోవాళ్ళు సరిహద్దు దాటి చాద్ దేశంలో క్యాంపులో ఉన్నారు.

తెలియాల్సినవి ఇవి. వీసా అయిపోయాక యూఎన్ కార్డు ఉంటే ఇక్కడ ఉండొచ్చా? ఆ కార్డు ఎక్కడ, ఎలా తీసుకోవాలి? కార్డు తెప్పిస్తామని విశాఖలో ఎవరో లక్ష రూపాయలు అడుగుతున్నారట, అలాంటి పద్ధతి ఉందా? ఇల్లు అద్దెకిచ్చినాయన పోలీసు కేసు అవుతుందేమోనని ఖాళీ చేయమంటున్నాడు. ఇంకో దేశానికి వెళ్ళే దారి ఏదైనా ఉందా? యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి కెనడా, జర్మనీ ఇస్తాయని ఎవరో చెప్పారు.

నాగావళి

వంశధార గారూ, లక్ష రూపాయల సంగతి ముందు తేల్చేద్దాం. యూఎన్‌హెచ్‌సీఆర్ అంటే ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ, యూఎన్ కార్డు ఇచ్చేది అదే. అందులో పేరు నమోదుకీ, ఇంటర్వ్యూకీ, కార్డుకీ, అప్పీలుకీ ఒక్క రూపాయి కూడా తీసుకోరు. డబ్బు అడిగినవాడు ఎవడైనా మోసగాడే. పోయేది డబ్బు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. వాడు అల్లిన కథ ఫైల్లోకి ఎక్కితే అబ్బాయి నిజం చెప్పినా తర్వాత నమ్మరు. దొంగ కాగితం అంటగడితే జైలు.

ఇక చట్టం. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంలో లేదు, 1967 ప్రోటోకాల్‌లో లేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. కాబట్టి ఎస్పీ ఆఫీసు లెక్కలో అబ్బాయి మొదట విదేశీయుడు, ఆ తర్వాతే ఇంకేదైనా. 1946 నాటి విదేశీయుల చట్టం ఇప్పుడు లేదు. ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. వీసా గడువు దాటి ఉంటే 3 ఏళ్ళ దాకా జైలు, 3 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నకిలీ వీసా, నకిలీ పాస్‌పోర్టు వాడితే తక్కువలో తక్కువ 2 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా వెళ్తుంది, జరిమానా లక్ష నుంచి 10 లక్షలు. నేను విదేశీయుణ్ణి కాను అని నిరూపించుకునే భారం కూడా మనిషి మీదే.

యూఎన్ కార్డు నివాస అనుమతి కాదు. కార్డు చెప్పేది ఒక్కటే, ఈ మనిషిని వెనక్కి పంపితే ప్రమాదం అని ఒక అంతర్జాతీయ సంస్థ పరిశీలించి తేల్చింది అని. పోలీసులు, కోర్టులు దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి, కానీ వీసా గడువు దాటితే కార్డు ఆ లోటు పూడ్చదు. అందుకే కార్డు వచ్చేదాకా చూద్దాం అని వీసాని వదిలేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఈ రెండు పనులూ ఒకేసారి, ఇప్పుడే మొదలవ్వాలి.

వీసా వైపు అన్నిటికంటే గట్టి దారి చదువు కొనసాగించడమే. ఎం.టెక్, ఎంబీఏ, ఎమ్మెస్సీ ఏదైనా సరే, నిజంగా చదవబోయే కోర్సులో జూన్ లోపల సీటు ఖాయం చేసుకుని, బోనఫైడ్ సర్టిఫికెట్, ఫీజు రసీదు, హాజరు, మార్కులు పెట్టి విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ పోర్టల్ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో పొడిగింపు అడగాలి. కాలేజీ మారితే అది వేరే సర్వీసు, దానికీ ఆ పోర్టల్‌లోనే ముందుగా అనుమతి తీసుకోవాలి. పేరుకి ఎక్కడో సీటు తీసుకుని క్లాసుకి వెళ్ళకపోతే హాజరు దగ్గర దొరికిపోతారు.

చిరునామా దగ్గర మన జిల్లాల్లో ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిపోయాయి. పాత కాగితాలు చూసి శ్రీకాకుళం అని రాసేస్తున్నారు. విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి అంటే ఎఫ్‌ఆర్‌ఓ, జిల్లా ఎస్పీయే. జిల్లా తప్పు పడితే దరఖాస్తు తప్పు ఆఫీసుకి పోతుంది, అక్కడ ఆగిపోతుంది, ఈలోగా తేదీ దాటుతుంది. అబ్బాయి టెక్కలిలో ఉన్నాడు కాబట్టి శ్రీకాకుళమే. ఎచ్చెర్ల నుంచి చీపురుపల్లికి మారినా చాలు, అధికారి మారతాడు, కొత్త చిరునామా తెలియజేయాల్సిందే.

రెండో దారి ఎల్‌టీవీ, దీర్ఘకాల వీసా. కేంద్ర హోం శాఖ 2011 డిసెంబరులో ఒక విధివిధానం ఇచ్చి, 2019లో సవరించింది. విదేశీయుడు నేను శరణార్థిని అని చెప్పుకుంటే ఏం చేయాలో అందులో ఉంటుంది. జాతి, మతం, లింగం, జాతీయత, తెగ, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, వీటిలో ఏదో ఒక కారణంగా హింసిస్తారన్న భయం సహేతుకం అనిపిస్తే, భద్రతా విచారణ చేసి, రాష్ట్ర ప్రభుత్వం 30 రోజుల్లో హోం శాఖకి సిఫారసు చేయాలని రాశారు. ఎల్‌టీవీ వస్తే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. స్టూడెంట్ వీసాతోనూ, ఒట్టి యూఎన్ కార్డుతోనూ ఉద్యోగం చేసే హక్కు రాదు.

ఆ జాబితాలో యుద్ధం అన్న మాట లేదు, చూశారా. మా దేశంలో యుద్ధం జరుగుతోంది అని ఒక్క ముక్క రాసి పంపితే ఫైలు అక్కడే నిలిచిపోతుంది. మసాలిత్ తెగవాడిని, 2023లో ఎల్ జెనీనాలో మా తెగనే ఎంచి చంపారు, ఊరి ఊరంతా చాద్‌కి తరలిపోయింది, అని రాయాలి. అది తెగ ఆధారంగా జరిగిన హింస, విధివిధానం అడిగేది సరిగ్గా అదే.

ఎస్పీ గారి పేరున అర్జీ ఇంగ్లీషులో రెండు పేజీలు దాటకుండా రాయండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. అక్కడ తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో, అక్నాలెడ్జిమెంటుతో పంపండి. రేపు హైకోర్టుకి వెళ్ళాల్సి వస్తే, వీసా బతికి ఉండగానే అర్జీ ఇచ్చాడని చూపించేది ఆ స్టాంపే.

గోస్తని

నాగావళి గారు చెప్పినదానికి యూఎన్‌హెచ్‌సీఆర్ వైపు కొంత కలుపుతాను.

ఈ అబ్బాయి యుద్ధం వల్ల పారిపోయి రాలేదు, చదువుకోవడానికి వచ్చాడు. దాని వల్ల అనర్హుడు అవుతాడేమో అని చాలామంది అనుకుంటారు, కాడు. దేశం బయట ఉండగా స్వదేశంలో పరిస్థితి తలకిందులైతే, ఉన్నచోటనే శరణార్థి అవుతారు. దీన్ని సుర్ ప్లాస్ శరణార్థి అంటారు. సూడాన్ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ మధ్య యుద్ధం 2023 ఏప్రిల్ 15న మొదలైంది, అతను వచ్చింది 2022లో. కాబట్టి ఇంటర్వ్యూలో అడిగేది ఎందుకు వచ్చావని కాదు, ఇప్పుడు వెనక్కి వెళ్తే ఏమవుతుందని.

ఇంకో సంగతి. 1951 ఒప్పందం నిర్వచనం ప్రకారం యుద్ధం ఉండటం ఒక్కటే చాలదు, జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం అన్న ఐదు కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. కానీ యూఎన్‌హెచ్‌సీఆర్ తన విస్తృత అధికారం కింద విచక్షణ లేని హింస వల్లా, శాంతిభద్రతలు పూర్తిగా కూలిపోవడం వల్లా ప్రమాదంలో పడ్డవాళ్ళని కూడా గుర్తిస్తుంది. ఆఫ్రికాలో 1969 నాటి ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఒప్పందం దీన్ని చట్టంగానే పెట్టింది. చాద్‌లో సూడానీయుల్ని ఒక్కొక్కరినీ ఇంటర్వ్యూ చేయకుండానే వచ్చినవాళ్ళని వచ్చినట్టు శరణార్థులుగా నమోదు చేసుకుంటున్నారంటే ఆధారం అదే. ఈ అబ్బాయికి రెండు కారణాలూ ఉన్నాయి, తెగ కారణమూ, ఊరు కారణమూ. రెండూ చెప్పాలి, ఒకటి చాలులే అని ఆపకూడదు.

పద్ధతి ఇలా ఉంటుంది. యూఎన్‌హెచ్‌సీఆర్ ఇండియా సహాయ వెబ్‌సైట్‌లో ముందస్తు నమోదు వివరాలు ఉంటాయి. నింపి పంపితే ఢిల్లీ ఆఫీసు పిలుస్తుంది. చెన్నైలో చిన్న ఆఫీసు ఉంది, కానీ అది ముఖ్యంగా శ్రీలంక తమిళుల పని చూస్తుంది, అక్కడికి వెళ్ళి తిరిగి రావద్దు. ఢిల్లీలో ఫోటో, వేలిముద్రలు తీసుకుని, మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది అన్న సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత ఎప్పటికో శరణార్థి హోదా నిర్ణయానికి ఇంటర్వ్యూ. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. విజయనగరం నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ నేరుగా నిజాముద్దీన్ వెళ్తుంది. పిలుపు మెయిల్ ప్రింటు, పాస్‌పోర్టు, వీసా, రిజిస్ట్రేషన్ కాగితం చేతి సంచిలోనే ఉంచుకోవాలి, పెట్టెలో వేయకూడదు.

ఫైల్లో ఏం పెట్టాలి? పాస్‌పోర్టు అన్ని పేజీలూ, ఖాళీవి కూడా. జాతీయ గుర్తింపు, పుట్టిన సర్టిఫికెట్, స్కూలు సర్టిఫికెట్లు, ఎల్ జెనీనా అన్న పేరు ఉన్న ఏ కాగితమైనా. చాద్‌లో ఇంటివాళ్ళ నమోదు పత్రం ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి, ఆ నమోదు నంబరు దరఖాస్తులో తప్పకుండా రాయండి. అదే సంస్థ అక్కడ ఒక కుటుంబాన్ని మసాలిత్ కుటుంబంగా నమోదు చేసుకుంటే, ఇక్కడ కొడుకు తెగ గురించి వేరే రుజువు వెతకనక్కర్లేదు. అరబిక్ కాగితాలకి ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. అసలు కాగితాలు ఎవరి చేతికీ వదలొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి.

ఇంటర్వ్యూలో దెబ్బతినే చోట్లు నాలుగైదే. మొదటిది తేదీలు. ఒక కాగితం మీద ఇస్లామిక్ క్యాలెండర్ తేదీ, ఇంకోదాని మీద ఇంగ్లీషు తేదీ, చెప్పేది ఇంకోటి. ముందే ఒక పట్టిక రాసుకోవాలి: ఏ తేదీ, ఏ ఊరు, ఎవరు చేశారు, అది నీకు ఎలా తెలిసింది. ఆ చివరి గడి ముఖ్యం. అతను అప్పుడు టెక్కలిలో ఉన్నాడు కదా, కళ్ళతో చూడలేదు. అమ్మ ఫోన్లో చెప్పింది అంటే ఫోన్లో చెప్పింది అనే చెప్పాలి. చూసినట్టు చెప్పాడో, మిగతాదంతా అనుమానంలో పడుతుంది.

రెండోది పేరు అక్షరాలు. పాస్‌పోర్టులో ఒక రకంగా, ఇంటర్ సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా ఉంటాయి. అఫిడవిట్లు వేసి మార్పించొద్దు, అరబిక్‌లో ఒకటే, ఇంగ్లీషులో రెండు రకాలుగా రాశారు అని చెబితే వాళ్ళకి అర్థమవుతుంది.

మూడోది, సైన్యం చేతిలో ఉన్న పోర్ట్ సూడాన్ నగరంలో ఉండొచ్చు కదా అన్న ప్రశ్న. తప్పకుండా అడుగుతారు. దేశంలోనే వేరే చోట సురక్షితంగా, బతకగలిగేలా ఉండొచ్చా అన్నది చూస్తారు. అక్కడ బంధువులున్నారా, డార్ఫర్ నుంచి వచ్చిన మసాలిత్ కుర్రాణ్ణి దారిలో చెక్‌పోస్టుల దగ్గర ఎవరు ఏమనుకుంటారు, ఏ పని దొరుకుతుంది, ఇవి అతనే ఆలోచించుకుని నిజంగా చెప్పాలి. చాద్ పౌరసత్వం ఉందా అని కూడా అడుగుతారు, సరిహద్దు తెగ కాబట్టి.

నాలుగోది, ఇతను గానీ అన్నదమ్ములు గానీ ఏదైనా సాయుధ గుంపులో పనిచేశారా అన్నది. అలాంటిది ఉంటే దాచకుండా ముందు లాయరుతో మాట్లాడాలి. యుద్ధ నేరాల్లో చేయి ఉన్నవాళ్ళకి 1951 ఒప్పందం 1ఎఫ్ అధికరణం కింద రక్షణ ఉండదు. అన్న చేసినదానికి తమ్ముణ్ణి తీసేయరు, కానీ దాచిన సంగతి తర్వాత బయటపడితే ఇంకేం చెప్పినా నమ్మరు.

ఇంటర్వ్యూ మాతృభాషలో అడగొచ్చు. అరబిక్ బాగా వచ్చినా, సూడాన్ అరబిక్ అర్థమయ్యే దుబాసీ కావాలని ముందే రాయాలి. మధ్యలో అర్థం కాకపోతే ఆపి చెప్పాలి, తల ఊపకూడదు. ఒకవేళ తిరస్కరిస్తే అప్పీలుకి 30 రోజులు. తిరస్కరణ ఉత్తరంలో రాసిన ఒక్కో కారణానికీ విడివిడిగా జవాబు ఉండాలి. మొదటి కథనే మళ్ళీ రాసి పంపితే ఫలితం మారదు. ఉచిత న్యాయ సహాయానికి ఢిల్లీలో యూఎన్‌హెచ్‌సీఆర్ భాగస్వామి సంస్థ సోషియో లీగల్ ఇన్‌ఫర్మేషన్ సెంటర్ ఉంది.

వంశధార

చాలా ధన్యవాదాలండి. ఇంకొకటి. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి సూడాన్ ఎంబసీకి వెళ్ళొచ్చా? సొంత ఎంబసీకి వెళ్తే శరణార్థి కేసు పోతుందని ఒకరు, పాస్‌పోర్టు లేకపోతే వీసా పొడిగించరని ఇంకొకరు అంటున్నారు.

నాగావళి

ఇద్దరూ సగం సగం చెప్పారు. భయం ఎవరి వల్ల అన్నదాన్ని బట్టి ఉంటుంది.

1951 ఒప్పందం 1సి అధికరణం ప్రకారం, సొంత దేశ ప్రభుత్వ రక్షణని మళ్ళీ స్వచ్ఛందంగా తీసుకున్నవాడు శరణార్థి హోదా పోగొట్టుకోవచ్చు. పాస్‌పోర్టు రెన్యూవల్‌ని దానికి గుర్తుగా చూస్తారు. అయితే ఢిల్లీలో ఉన్నది సైన్యం చేతిలోని ప్రభుత్వ ఎంబసీ. ఎల్ జెనీనాలో మసాలిత్‌లని చంపింది సైన్యంతో పోరాడుతున్న ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్, దాంతో కలిసిన మిలీషియాలు. అతని భయం వాళ్ళ వల్లే అయితే, వీసా కోసం పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించుకోవడం కేసుని పాడు చేయదు. ఎందుకు చేయించుకున్నాడో యూఎన్‌హెచ్‌సీఆర్‌కి ఒక వాక్యంలో చెప్పాలి, అంతే. సైన్యానికి వ్యతిరేకంగా రాజకీయంగా మాట్లాడి ఉంటే, పేరు వాళ్ళ దగ్గర ఉందన్న భయం ఉంటే, గడప తొక్కొద్దు. అప్పుడు ఎఫ్‌ఆర్‌ఓకి ఇచ్చే అర్జీలోనే, ఈ కారణంగా ఎంబసీకి వెళ్ళలేను, పాస్‌పోర్టు గడువు ఫలానా తేదీ అని రాయాలి.

సెలవుల్లో ఇంటికి వెళ్ళి రావడం మాత్రం ఏ కేసులోనైనా కొంప ముంచుతుంది. ఒక్క ఎంట్రీ స్టాంపు చాలు, నువ్వు వెళ్ళి క్షేమంగానే వచ్చావు కదా అనడానికి.

చంపావతి

ఇల్లు గలాయన గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. వీసా ఉన్న విదేశీయుడికి ఇల్లు అద్దెకివ్వడం నేరం కాదు. చెప్పకపోవడమే తప్పు. విదేశీయుడు దిగిన 24 గంటల్లో పోర్టల్‌లో సమాచారం ఇవ్వాలి, అందరూ ఫారం సి అంటారు దాన్ని. హోటళ్ళకే అనుకుంటారు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. కాలేజీకి వేరే బాధ్యత ఉంది, చేర్చుకున్నవాళ్ళ వివరాలు ఇవ్వాలి. ఇంటాయన ఇంతవరకూ ఇవ్వకపోతే ఇప్పుడైనా ఎస్పీ ఆఫీసు స్పెషల్ బ్రాంచిలో విదేశీయుల సెక్షన్‌కి వెళ్ళి అడిగి ఇచ్చేయమనండి. అద్దె ఒప్పందం, అబ్బాయి పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు తీసుకెళ్ళాలి. ఆ రసీదు చేతిలో పడితే ఆయన భయం సగం తగ్గుతుంది. ఆ అద్దె ఒప్పందమే అబ్బాయికి చిరునామా రుజువు కూడా, కాబట్టి ఖాళీ చేయిస్తే వీసా పొడిగింపూ ఆగుతుంది. ఇది ఇంటాయనకి మర్యాదగా వివరించండి, చాలామంది అర్థం చేసుకుంటారు.

ఆధార్ అడిగితే: ఒట్టి యూఎన్ కార్డు మీద ఆధార్ ఇవ్వరు. చెల్లే పాస్‌పోర్టు, వీసా ఉండి, గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటే నివాస విదేశీయుల కింద తీసుకోవచ్చు. బ్యాంకు కేవైసీ, ఫోన్ సిమ్ వీసా తేదీతో ముడిపడి ఉంటాయి, పొడిగింపు రాగానే రెండు చోట్లా కొత్త కాగితం ఇవ్వాలి. లేకపోతే ఢిల్లీ నుంచి పిలుపు వచ్చే ఫోనే మూగబోతుంది.

ఒకవేళ పోలీసులు పట్టుకుంటే: రాజ్యాంగం 22వ అధికరణం విదేశీయులకీ వర్తిస్తుంది, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు హక్కు, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. అందులోనే జాతి హింస బాధితులని కూడా రాశారు, పౌరుడై ఉండాలని రాయలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది, ఫోన్ 15100. మీ ఎంబసీకి కబురు చేయమంటావా అని అడిగితే, వద్దు, యూఎన్‌హెచ్‌సీఆర్‌కీ నా లాయరుకీ చెప్పండి అనే హక్కు అతనికి ఉంది. ఆ ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోవాలి. ఫోన్ తీసేసుకుంటారు కదా.

మహేంద్రతనయ

ఒక సందేహం. మన సిక్కోలు పల్లెల్లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి వచ్చేసినవాళ్ళ కుటుంబాలు ఎన్ని లేవు? 1942లో జపాను బాంబులకి నడిచొచ్చినవాళ్ళు, 1964లో అన్నీ వదిలేసి ఓడల్లో వచ్చినవాళ్ళు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. వాళ్ళకి ప్రభుత్వం అప్పులు, స్థలాలు ఇచ్చింది కదా, వీళ్ళకి ఎందుకు కుదరదు? పర్లాకిమిడి దాటితే చంద్రగిరిలో టిబెటన్లు కూడా 1960ల నుంచి ఉంటున్నారు. చలికాలం వస్తే మన ఊళ్ళలో స్వెట్టర్లు అమ్ముతారు.

నాగావళి

మంచి ప్రశ్న అండి. కాందిశీకులు అని మనం అందరినీ ఒకే మాటతో పిలుస్తాం, చట్టం అలా పిలవదు. రంగం నుంచి వచ్చినవాళ్ళు భారత సంతతివాళ్ళు, స్వదేశానికి తిరిగొచ్చినవాళ్ళ కింద లెక్క. 1964 అక్టోబరు నాటి సిరిమావో-శాస్త్రి ఒప్పందం కింద లంక నుంచి వచ్చిన తోట కార్మికులూ అంతే. పౌరసత్వం, పునరావాసం వాళ్ళ హక్కుగా వచ్చాయి. టిబెటన్లకి కేంద్రం ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇస్తుంది, దాన్ని గడువుకి ముందే ఎప్పటికప్పుడు పొడిగించుకోవాలి, 2014లో పునరావాస విధానం కూడా వచ్చింది. 2019 పౌరసత్వ సవరణ పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవాళ్ళకే. సూడాన్ వీటిలో దేనిలోనూ లేదు. ఒక్కో గుంపుకి ఒక్కో ఉత్తర్వు. ఒక చట్టం ఉంటే ఈ అబ్బాయి ఎస్పీ ఆఫీసుకీ ఢిల్లీకీ మధ్య తిరగాల్సిన పని ఉండేది కాదు.

కోర్టుల్లో ఉన్న ఆధారం రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణాలు. అవి పౌరుల గురించి కాకుండా మనుషుల గురించి రాసినవి. 1996లో అరుణాచల్ చక్మాల కేసులో సుప్రీంకోర్టు 21ని విదేశీయులకీ వర్తింపజేసింది. 2021 మే నెలలో మణిపూర్ హైకోర్టు, మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురిని ఢిల్లీ వెళ్ళి యూఎన్‌హెచ్‌సీఆర్‌ని ఆశ్రయించడానికి అనుమతించింది. అయితే అదే ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రోహింగ్యాల పంపివేతని ఆపడానికి ఒప్పుకోలేదు, చట్టం చెప్పిన పద్ధతి పాటించాలని మాత్రం అంది. కాబట్టి వెనక్కి పంపకూడదన్న సూత్రం మన దగ్గర ఉంది, కానీ పట్టుకుని వేలాడేంత గట్టిగా లేదు. అమరావతిలో హైకోర్టుకి 226వ అధికరణం కింద వెళ్ళాల్సి వస్తే, స్టాంపు వేసిన అర్జీ, యూఎన్‌హెచ్‌సీఆర్ సర్టిఫికెట్, వీసా గడువులోపు చేసిన పోర్టల్ దరఖాస్తు, ఈ మూడూ చేతిలో ఉండాలి.

గోస్తని

వేరే దేశాల సంగతి. ఇక్కడే ఆశలు ఎక్కువ, బ్రోకర్లూ ఎక్కువ.

జర్మనీలో ఆశ్రయం అడగాలంటే ఆ గడ్డ మీద గానీ సరిహద్దులో గానీ ఉండాలి. ఢిల్లీలో జర్మనీ ఎంబసీకి వెళ్ళి ఆశ్రయం వీసా ఇవ్వండి అంటే అలాంటి వీసా లేదు. యూరప్‌లో యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి వెంటనే కాగితం అని విన్నది ఉక్రెయిన్‌ది. 2001 నాటి తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని మొదటిసారి 2022 మార్చి 4న అమల్లో పెట్టారు. ఇంటర్వ్యూ లేకుండా నివాసం, పని, వైద్యం, బడి. ఇప్పుడు 2027 మార్చి 4 దాకా పొడిగించారు. చెప్పాలంటే యుద్ధ బాధితుల విషయంలో ఇంత వేగంగా పనిచేసిన ఏర్పాటు ఈ మధ్య ఇంకోటి లేదు. కానీ అది ఉక్రెయినీయులకీ, అక్కడ శాశ్వత నివాసం లేదా రక్షణ ఉన్నవాళ్ళకీ. అక్కడ మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలకి కూడా దాన్ని ఇవ్వాలన్న నిబంధన లేదు, క్షేమంగా సొంత దేశానికి పోగలరు కాబట్టి. సూడానీయులు యూరప్ చేరితే వాళ్ళకి వర్తించేది అనుబంధ రక్షణ. విచక్షణ లేని హింస చాలా ఎక్కువ ఉన్న ప్రాంతంవాడైతే వ్యక్తిగత కారణం చూపించకపోయినా చాలంటుంది. అది చేరినవాళ్ళ సంగతి. చేరడానికి పడవలు ఎక్కించే దారి నేను చెప్పను.

కెనడా సూడాన్ కుటుంబాల కోసం 2024 ఫిబ్రవరిలో ఒక దారి తెరిచింది. కెనడాలో పౌరుడో శాశ్వత నివాసో అయిన దగ్గర బంధువు ఉండాలి, పైగా యుద్ధం మొదలైననాటికి సూడాన్‌లో ఉండి ఉండాలి అన్నారు. మన అబ్బాయి అప్పటికి టెక్కలిలో ఉన్నాడు, కుదరదు. ఐదుగురు కలిసి స్పాన్సర్ చేసే పద్ధతికి కొత్త దరఖాస్తులు 2024 నవంబరు 29న ఆపేశారు. ఐదుగురి గ్రూపు ఉంది, 5 లక్షలు ఇవ్వండి అన్నవాణ్ణి నమ్మొద్దు. తెరిచి ఉన్నప్పుడు కూడా దానికి ముందు శరణార్థి గుర్తింపు పత్రం ఉండాలి. అమెరికా శరణార్థుల స్వీకరణ 2025 జనవరిలో ఆగిపోయింది, ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరానికి పెట్టిన గరిష్ఠ పరిమితి 7,500.

ఆస్ట్రేలియా మానవతా వీసాలు 200, 202 మాత్రం సొంత దేశం బయట ఉన్నవాళ్ళు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫారం 842. అక్కడ ప్రతిపాదించే మనిషి ఉంటే వాళ్ళు నింపేది 681, 202కి అది తప్పనిసరి. దరఖాస్తు రుసుము లేదు. ఎదురుచూపు ఏళ్ళ తరబడి, తిరస్కరణలు చాలా. అయినా పెట్టడంలో నష్టం లేదు, ఒక్కటే షరతు: అందులో రాసిన తేదీలు, పేర్లు, సంఘటనలు యూఎన్‌హెచ్‌సీఆర్ ఫైల్లో రాసినవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. కాపీ దాచుకుని దాన్ని చూసే నింపాలి.

యూఎన్‌హెచ్‌సీఆరే వేరే దేశానికి పంపే పునఃస్థాపనకి దరఖాస్తు ఫారం అంటూ ఉండదు. ఒంటరి తల్లులు, ఆడపిల్లలు, తీవ్ర జబ్బులవాళ్ళు, ఇక్కడా ప్రమాదంలో ఉన్నవాళ్ళు, ఇలా చూసి సంస్థే ఎంచుతుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా నూటికి ఒక్కరికి కూడా రాదు. ఆరోగ్యంగా ఉన్న బ్రహ్మచారి కుర్రాడు ఆ వరసలో చివర ఉంటాడు.

చదువు మీద వెళ్ళడం ఇంకో దారి. జర్మనీ స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ ఖాతాలో (నెలకి కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, పూర్తి స్కాలర్‌షిప్ ఉంటే అక్కర్లేదు. మార్కులు బాగుంటే ఈ ఏడాదే ప్రయత్నించమనండి.

వంశధార

అర్థమైందండి. సోమవారం కాలేజీ ఆఫీసుకి వెళ్తున్నాం. అక్కడ ముందు ఏం అడగాలి?

నాగావళి

బోనఫైడ్ సర్టిఫికెట్ అడగండి, అందులో కోర్సు పూర్తయ్యే తేదీ స్పష్టంగా ఉండాలి. చివరి సెమిస్టర్ ఫలితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆగస్టుకి గానీ రావంటే, ఆ సంగతి కూడా కాలేజీ లెటర్‌హెడ్ మీద తేదీతో రాయించుకోండి. సర్టిఫికెట్ల కోసం కొద్ది వారాల పొడిగింపు అడగడానికి అది ఆధారం, ఎం.టెక్ సీటు ఖాయం అయ్యేలోపు ఊపిరి పీల్చుకోవడానికి పనికొస్తుంది. పేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో, అక్కడ కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. ప్రిన్సిపాల్ సంతకం కింద సీలు, ఫోన్ నంబరు ఉండాలి. ఎఫ్‌ఆర్‌ఓ ఆఫీసు నుంచి ఫోన్ చేసి నిర్ధారించుకుంటారు, ఎవరూ ఎత్తకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఎత్తే మనిషి నంబరే వేయించండి.